ఒకే దేహం, రెండు బడులు

వరంగల్, హన్మకొండ, కాజీపేట వీధుల్లో యుద్ధవిద్యలు నేర్పే చోట బోర్డు మీద కరాటే, కుంగ్‌ఫూ అన్న పేర్లు తరచూ పక్కపక్కనే ఉంటాయి. ఒక్కోసారి రెండూ నేర్పేది ఒకే మాస్టరు. అయినా రెంటిలో ఏది గొప్పదన్న వాదన పిల్లల మధ్య ఆగదు. పెద్దలు కూడా ఏదో ఒక పక్షం చేరుతుంటారు. కరాటే సూటిగా, బిగువుగా కొట్టే జపాన్ విద్య అనీ, కుంగ్‌ఫూ వంపులు తిరుగుతూ, జంతువుల కదలికలను అనుకరిస్తూ సాగే చైనా విద్య అనీ సినిమాలు మనకు నేర్పిన విభజన. ఈ అధ్యాయంలో నేను నిలబెట్టదలచిన వాదం వేరు. ఈ రెండు విద్యల మధ్య తేడా ఉంది, అది నిజమైన తేడానే. కాకపోతే దాన్ని కండరాల్లోనో, పుట్టిన నేలలోనో వెతికితే దొరకదు. విద్యను ఎవరు, ఎవరికి, ఒకేసారి ఎంతమందికి, ఏ పరీక్ష పెట్టి నేర్పారో చూస్తే దొరుకుతుంది. ఇందుకు సాక్ష్యాలు కొన్ని భౌతికశాస్త్ర ప్రయోగశాలలో, కొన్ని ఓకినావా ద్వీప చరిత్రలో ఉన్నాయి. ఒక ముఖ్యమైన సాక్ష్యం మన ఓరుగల్లు నేలమీదే ఉంది.

ముందు దేహం సంగతి చూద్దాం. 1979 ఏప్రిల్‌లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మైఖేల్ ఫెల్డ్, రొనాల్డ్ మెక్‌నెయిర్, స్టీఫెన్ విల్క్ అనే ముగ్గురు కరాటే భౌతికశాస్త్రం గురించి ఒక వ్యాసం రాశారు. వీరిలో మెక్‌నెయిర్ లేజర్ శాస్త్రవేత్త, కరాటేలో బ్లాక్ బెల్టు. 1986లో ఛాలెంజర్ వ్యోమనౌక ప్రమాదంలో మరణించిన ఏడుగురిలో ఆయన ఒకరు. అనుభవజ్ఞుల చేతి వేగం సెకనుకు 10 నుంచి 14 మీటర్ల దాకా ఉంటుందనీ, తగిలిన క్షణంలో బలం 3,000 న్యూటన్లు దాటగలదనీ వారు లెక్కకట్టారు. అంటే దాదాపు మూడు క్వింటాళ్ల బరువు మోపినంత బలం, కాకపోతే అది ఉండేది సెకనులో కొన్ని వేల వంతుల సేపే. చెయ్యి విరక్కుండా కాంక్రీటు పలక ఎలా విరుగుతుంది? పైనుంచి కొట్టినప్పుడు పలక వంగుతుంది, దాని అడుగు భాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది కాని సాగుడును తట్టుకోలేదు. ఎముక ఈ విషయంలో కాంక్రీటు కంటే దాదాపు 40 రెట్లు మెరుగు. పైగా చేతి ఎముకల చుట్టూ కండ, చర్మం, కీళ్లు దెబ్బను పంచుకుంటాయి. ఇందులో అతీతశక్తి ఏమీ లేదు. ఇక ఇదే కొలతను వేరే విద్యకు పెట్టి చూద్దాం. 2005లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఏడుగురు ఒలింపిక్ బాక్సర్ల గుద్దు బలాన్ని కొలిస్తే సగటున 3,427 న్యూటన్లు వచ్చింది. బాక్సింగ్‌కు కటాలు (నిర్ణీత కదలికల వరుసలు) లేవు, డోజో (సాధనశాల) లేదు, షావొలిన్ మఠం లేదు. అయినా అంకె అదే స్థాయిలో ఉంది. కొలిచిన పద్ధతులు వేరు కాబట్టి ఈ రెండు అంకెలను పోటీకి నిలబెట్టకూడదు. మనిషి చేతికి ఒక హద్దు ఉందనీ, వేర్వేరు దారుల్లో సాధన చేసినవాళ్లు కూడా ఆ హద్దు దగ్గరికే చేరుతున్నారనీ మాత్రం చెప్పవచ్చు.

ఆ హద్దుకు చేరుకునే దారి కూడా ఒకటే. గుద్దు భుజంలో పుట్టదు. మడమ నేలను తంతుంది, నేల తిరిగి కాలిని నెడుతుంది, ఆ నెట్టుడు తుంటి తిరగడంతో నడుముకు, నడుము నుంచి భుజానికి, భుజం నుంచి మోచేతికి, అక్కడి నుంచి పిడికిలికి వెళ్తుంది. ఒక్కో మెట్టులో వేగం పెరగాలంటే కింది భాగం గరిష్ఠ వేగం చేరిన సరైన క్షణంలో పై భాగం అందుకోవాలి. ముందు అందుకున్నా, వెనక అందుకున్నా బలం వృథా. 2012లో సెరిబ్రల్ కార్టెక్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన ఈ విషయాన్ని చక్కగా చూపించింది. లండన్ పరిశోధకులు 12 మంది కరాటే బ్లాక్ బెల్టులనూ, యుద్ధవిద్యలు రాని 12 మంది వ్యాయామపరులనూ తీసుకుని, అతి దగ్గర నుంచి కేవలం 5 సెంటీమీటర్ల దూరంలో గుద్దమన్నారు. బ్లాక్ బెల్టుల గుద్దు బలంగా తగిలింది. ఆ తేడా కండబలం వల్ల వచ్చింది కాదు, మణికట్టు, భుజం గరిష్ఠ వేగాలు ఒకే క్షణానికి చేరడం వల్ల వచ్చింది. ఆ సమయపాలనలో మనిషికీ మనిషికీ ఉన్న తేడా, చిన్న మెదడు నుంచి బయలుదేరే నరాల దారుల్లోని తెల్ల పదార్థపు నిర్మాణంతో సరిపోలింది. సాధన ఏ వయసులో మొదలైంది, ఎన్నేళ్లు సాగింది అన్నవాటితోనూ దానికి సంబంధం కనిపించింది. అయితే ఇది ఒకే సమయంలో రెండు గుంపులను పోల్చిన అధ్యయనం. సాధనే మెదడును మార్చిందని ఇది తేల్చదు. నేర్పు అంటే ప్రధానంగా సమయపాలన అన్న మాటను మాత్రం బలంగా నిలబెడుతుంది.

ఇక్కడ కుంగ్‌ఫూ అభిమాని ఒక అభ్యంతరం చెబుతాడు. కరాటేది బయటి బలం, కుంగ్‌ఫూది, అందులోనూ తైచీ వంటి శైలులది లోపలి బలం, ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదంటాడు. ఇందులో ఒక నిజం ఉంది. దేహాన్ని వదులుగా ఉంచి, ఎదుటివాడి తోపును పసిగట్టి, దాన్నే వాడుకునే సాధన చైనా శైలుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. కాని వదులు వేరు, బిగువు వేరు అనుకోవడమే పొరపాటు. వెన్నెముక బలాలపై పనిచేసిన స్టువర్ట్ మెగిల్ బృందం 2010లో దెబ్బలాట క్రీడాకారుల కండరాల్లో విద్యుత్ సంకేతాలను నమోదు చేసినప్పుడు ఒక జంట స్పందన కనబడింది. కదలిక మొదలయ్యేటప్పుడు కండరాలు ఒకసారి బిగుసుకుంటాయి, దారిలో వదులవుతాయి, తగిలే క్షణంలో మళ్లీ బిగుసుకుంటాయి. దారిలో వదులు కాకపోతే వేగం రాదు. తగిలేటప్పుడు బిగుసుకోకపోతే చేతి వెనక దేహపు బరువు చేరదు. కాబట్టి ప్రతి మంచి దెబ్బలోనూ ఆ రెండూ ఉండితీరాలి. బడిని బట్టి మారేది వాటిలో దేన్ని మొదటి ఏడాది నేర్పాలి, దేన్ని పదో ఏడాది నేర్పాలి అన్న వరుస. అంటే వాదన మళ్లీ పాఠ్యక్రమం దగ్గరికే వచ్చింది. ఇంకో సంగతి కూడా గమనించాలి. కరాటేలోనే షోటోకాన్ శైలిలో దూరం నుంచి పొడవైన అడుగుతో దూకే పద్ధతి ఉంటే, గోజు-ర్యూ శైలిలో దగ్గరగా నిలబడి, శ్వాసను నియంత్రిస్తూ, చేతులు అతుక్కున్నట్టు ఉంచి పోరాడే పద్ధతి ఉంది. ఫుజియాన్ ప్రాంతపు శ్వేతకొంగ కుంగ్‌ఫూ పక్కన పెట్టి చూస్తే గోజు-ర్యూకు షోటోకాన్ కంటే అదే దగ్గరి చుట్టంలా కనిపిస్తుంది. రెండు కరాటేల మధ్య ఉన్న దూరం ఒక కరాటేకీ ఒక కుంగ్‌ఫూకీ మధ్య ఉన్న దూరం కంటే ఎక్కువైనప్పుడు, ఆ రెండు పేర్లను రెండు జాతులుగా భావించడానికి ఆధారం మిగలదు.

ఈ చుట్టరికం కాకతాళీయం కాదు. ఇప్పటి ఓకినావా ఒకప్పుడు ర్యుక్యూ అనే స్వతంత్ర రాజ్యం. 1372 నుంచి మింగ్ చైనాకు కానుకలు పంపుతూ, ఫుజియాన్ రేవులతో వ్యాపారం చేస్తూ బతికింది. ఓడలతో పాటు మనుషులూ, వాళ్లతో విద్యలూ వచ్చాయి. 19వ శతాబ్దంలో హిగావొన్నా కన్‌ర్యో ఫుజౌ నగరానికి వెళ్లి నేర్చుకుని వచ్చాడు. ఆయన శిష్యుడు మియాగి చోజున్ గోజు-ర్యూ శైలిని స్థాపించాడు. ఉయెచి కన్‌బున్ 1897లో ఫుజియాన్ వెళ్లి 1910లో తిరిగొచ్చాడు, ఆయన పేరుతోనే మరో శైలి ఏర్పడింది. సాన్‌చిన్ అనే ప్రాథమిక సాధన ఫుజియాన్ కుంగ్‌ఫూ శైలుల్లోనూ ఉంది, ఈ కరాటే శైలుల్లోనూ ఉంది. ఓకినావాలో అప్పటికే ఉన్న స్థానిక పోరు పద్ధతుల మీద ఈ చైనా సాధన వచ్చి కలిసింది. కరాటేను బడిలోకి తెచ్చిన ఇతోసు అంకో 1908లో రాసిన పది సూత్రాల లేఖ కూడా ఈ విద్య చైనా నుంచి వచ్చిందనే చెబుతుంది, దీనికీ బౌద్ధానికీ సంబంధం లేదని కూడా అంటుంది.

ఆ రెండో మాట మనవాళ్లకు నచ్చదు. షావొలిన్ కుంగ్‌ఫూ నేర్పింది మన బోధిధర్ముడే కదా, కరాటే కుంగ్‌ఫూ నుంచే వచ్చింది కదా, అలాంటప్పుడు రెండూ దక్షిణ భారతదేశపు విద్యలే కదా అన్నది ఇక్కడ తరచూ వినిపించే అభ్యంతరం. 2011లో వచ్చిన 'సెవెన్త్ సెన్స్' సినిమా ఈ నమ్మకానికి మరింత ఊపు ఇచ్చింది. సాక్ష్యం ఏమంటుందో చూద్దాం. షావొలిన్ మఠం 495లో స్థాపితమైంది. దాని మొదటి గురువుగా చైనా చరిత్ర చెప్పే భారతీయుడు బాతువో అనే భిక్షువు, బోధిధర్ముడు కాదు. బోధిధర్ముణ్ణి ప్రస్తావించే తొలి రచన 547 నాటిది. అందులో ఆయన పర్షియా నుంచి వచ్చిన సన్యాసిగా, లొయాంగ్ నగరంలో ఒక ఆలయాన్ని చూసి మెచ్చుకున్నవాడిగా కనిపిస్తాడు, పోరు మాటే లేదు. షావొలిన్ భిక్షువులు 621లో టాంగ్ యువరాజు లీ షిమిన్ పక్షాన పోరాడారని 728 నాటి శిలాశాసనం చెబుతుంది. అందులోనూ బోధిధర్ముడు ఏదైనా యుద్ధవిద్య నేర్పాడన్న ముక్క లేదు. ఆయన పేరును వ్యాయామంతో ముడిపెట్టిన గ్రంథం 1624 నాటిది, అంటే ఆయన కాలానికి వెయ్యేళ్ల తర్వాతది. ఆ గ్రంథానికి ముందుమాటలు కల్పితాలని చైనా చరిత్రకారుడు టాంగ్ హావో 1930ల నాటికే చూపించాడు. బౌద్ధం మన దేశం నుంచి చైనాకు వెళ్లిందన్నది తిరుగులేని చరిత్ర. ఆ బౌద్ధపు మూటలో పిడికిలి పోటు కూడా ఉందన్నదానికి మాత్రం ఆధారం లేదు. మన గొప్ప చెప్పుకోవడానికి మనకు వేరే విషయాలు చాలా ఉన్నాయి.

దేహం ఒకటే, మూలాలు కలిసే ఉన్నాయంటే, ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది? జపాన్ 1879లో ర్యుక్యూను తనలో కలిపేసుకుంది. కొత్త పాలన కింద బడులు, కవాతులు, సైన్యంలో నిర్బంధ చేరిక వచ్చాయి. అప్పటిదాకా ఓకినావాలో ఈ విద్య గురువు పెరట్లో, ఇద్దరు ముగ్గురు శిష్యులకు, ఎక్కువగా రహస్యంగా సాగేది. 1901లో ఇతోసు దాన్ని షూరి ప్రాథమిక పాఠశాలలో ప్రవేశపెట్టాడు. ఒక్కసారిగా నేర్చుకునేవాడు మారిపోయాడు. ఒక్క శిష్యుడి స్థానంలో వరుసల్లో నిలబడ్డ డజన్ల కొద్దీ పిల్లలు వచ్చారు. పిల్లలకు కంట్లో పొడవడం, కీళ్లు విరవడం నేర్పలేం. అందుకే ఇతోసు పాత కటాల నుంచి పినాన్ పేరుతో ఐదు తేలికైన కటాలు రూపొందించాడు. అందరూ ఒకే అంకెకు ఒకే అడుగు వేసేలా, టీచరు దూరం నుంచి చూసి తప్పు పట్టేలా కదలికలు పెద్దవయ్యాయి, సూటిగా మారాయి. స్వయంగా బడిపంతులైన ఫునకోషి గిచిన్ 1922లో టోక్యోలో దీన్ని ప్రదర్శించాడు. అక్కడ జూడో స్థాపకుడు కానో జిగోరో 1883 నుంచే శిష్యులకు 'డాన్' శ్రేణులు ఇస్తున్నాడు. ఫునకోషి ఆ శ్రేణులనూ, జూడో తెల్ల దుస్తులనూ తీసుకున్నాడు. కరాటేలో మొదటి డాన్ పట్టాలు 1924లో ఇచ్చారు. విశ్వవిద్యాలయాల్లో క్లబ్బులు వెలిశాయి. 1933లో జపాన్ యుద్ధవిద్యల సంఘం దీన్ని గుర్తించింది. మనం ఇవాళ కరాటే స్వభావం అనుకునే సూటిదనం, బిగువు, వరుస, అంకె, బెల్టు అన్నీ దాదాపు పాతికేళ్లలో తరగతి గది అవసరాల కోసం కుదిరినవే.

చైనాలో అప్పటికి పరిస్థితి వేరు. అంత పెద్ద దేశంలో వందల శైలులు కుటుంబాల్లో, ఊళ్లలో, వంశాల్లో, మఠాల్లో విడివిడిగా బతికాయి. ఏ పాఠ్యక్రమమూ వాటిని ఒక్కటి చేయలేదు. కుంగ్‌ఫూలో మనకు కనిపించే వైవిధ్యం, వంపుల సంపద ఆ చెదురుమదురు బతుకు ఫలం. ఇప్పుడు నా వాదాన్ని పరీక్షకు పెట్టవచ్చు. తేడా జాతిలోనో, నేలలోనో ఉంటే, కుంగ్‌ఫూను తీసుకెళ్లి బడిలో పెట్టినా అది కుంగ్‌ఫూలాగే ఉండాలి. తేడా బడిలోనే ఉంటే, అది కరాటే వైపు జరగాలి. చరిత్ర ఈ ప్రయోగాన్ని మనకోసం చేసిపెట్టింది. 1910లో షాంఘైలో హువో యువాన్‌జియా పేరు మీద వెలిసిన జింగ్‌వూ సంఘం వేర్వేరు శైలులను ఒకే చోట, ఆడవాళ్లతో సహా అందరికీ, యూనిఫాం వేసి, వరుసల్లో నిలబెట్టి నేర్పింది. 1928లో నాన్‌జింగ్‌లో ప్రభుత్వమే కేంద్ర సంస్థను పెట్టి జాతీయ పరీక్షలు జరిపింది. 1949 తర్వాత కొత్త ప్రభుత్వం వూషు పేరుతో నిర్ణీత కదలికల వరుసలు తయారు చేయించింది. 1956లో తైచీని 24 భంగిమలకు కుదించింది. 1979లో చేతిపోరును సాండా పేరుతో పోటీ క్రీడగా మార్చడం మొదలైంది. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో వూషు చేరింది, 1994 హిరోషిమా క్రీడల్లో కరాటే చేరింది. 1990ల చివరికి చైనా వూషుకు కూడా శ్రేణులు ప్రకటించింది. చివరికి రెండు విద్యలూ ఒకే విధంగా రెండుగా చీలాయి. కరాటేలో కటా, కుమితే. వూషులో తావొలు, సాండా. ఒకటి ఒంటరిగా చూపే వరుస, ఒకటి ప్రత్యర్థితో పోటీ. ఎవరూ ఎవరినీ కాపీ కొట్టాల్సిన పని లేకుండానే ఒకే అవసరం ఒకే రూపాన్ని తెచ్చింది.

అయినా వూషు క్రీడాకారుడి గాల్లో గిరగిరా తిరిగే గెంతులు కరాటే కటాలో లేవు కదా అని ఎవరైనా అడగవచ్చు. లేవు, ఎందుకంటే పరీక్ష వేరు. తావొలులో కష్టమైన గెంతుకు, నేలమీద నిలకడగా వాలడానికి విడిగా మార్కులు ఉంటాయి. కటాలో అడుగు బిగువుకు, దెబ్బ తీవ్రతకు ప్రాధాన్యం. మార్కులు ఎటు ఉంటే దేహం అటు పెరుగుతుంది. దీనికి అందరూ చూసిన సాక్ష్యం ఒకటి ఉంది. 2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్‌లో పురుషుల 75 కిలోలకు పైబడిన కుమితే ఫైనల్లో సౌదీ అరేబియాకు చెందిన తారెగ్ హమెది 4-1 ఆధిక్యంలో ఉండగా ఇరాన్ క్రీడాకారుడు సజ్జాద్ గంజ్‌జాదేను తలపై తన్నాడు. గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. అదుపు లేకుండా తగిలించాడని న్యాయనిర్ణేతలు హమెదిని అనర్హుణ్ణి చేశారు. స్ట్రెచర్ మీద బయటికి వెళ్లినవాడికి స్వర్ణం, నిలబడ్డవాడికి రజతం. అదే తన్ను సాండా వేదిక మీద పడి ఉంటే అక్కడికక్కడే గెలుపు. తన్ను ఒక్కటే. దాన్ని గెలుపుగానో తప్పుగానో మార్చింది పరీక్ష రూపం. ఇలాంటి పరీక్ష కోసం ఏళ్ల తరబడి సాధన చేసిన దేహం, దెబ్బను తాకే క్షణంలో వెనక్కి తీసుకోవడం నేర్చుకుంటుంది. సాండా దేహం దెబ్బను పూర్తిగా దించడం నేర్చుకుంటుంది. ఏది గెలుస్తుందన్న ప్రశ్నకు ఇదే సమాధానం: ఎవరి నిబంధనల కింద పోటీ పెడితే, చాలాసార్లు వాళ్లదే పైచేయి.

ఇక ఓరుగల్లు సాక్ష్యానికి వద్దాం. బడి ఏం మోస్తుందో తెలియాలంటే, బడి తెగిపోయిన చోట ఏం మిగిలిందో చూడాలి. కాకతీయ రాజు గణపతిదేవుడి బావమరిది, గజదళానికి అధిపతి అయిన జాయప సేనాని 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో నృత్తరత్నావళి రాశాడు. ఎనిమిది అధ్యాయాల్లో సగం మార్గ నృత్యానికి, సగం దేశి నృత్యానికి కేటాయించాడు. ఆ దేశి రూపాల్లో పేరిణి ఒకటి. గజ్జెల లయను కాలితో నియంత్రించే ఘర్ఘరం దాని అంగాల్లో ముఖ్యమైనది. అంతకు 40 ఏళ్ల ముందే, 1213లో, రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి రాళ్లలో నర్తకుల, వాద్యకారుల, మల్లుల భంగిమలు చెక్కి ఉన్నాయి. 2021లో ఆ గుడికి ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది. 1323లో కాకతీయ రాజ్యం పతనమయ్యాక పేరిణికి ఆదరణ పోయింది, గురుశిష్య వరుస తెగిపోయింది. 20వ శతాబ్దంలో నటరాజ రామకృష్ణ జాయప గ్రంథాన్నీ, రామప్ప శిల్పాలనూ ఆధారం చేసుకుని దాన్ని తిరిగి నిలబెట్టాడు. అది గొప్ప కృషి. కాని రాయి ఏం దాచగలదు? భంగిమను దాచగలదు. గ్రంథం నియమాన్ని దాచగలదు. ఒక భంగిమ నుంచి మరో భంగిమకు వెళ్లేటప్పుడు తుంటి ఎప్పుడు తిరగాలి, శ్వాస ఎక్కడ ఆగాలి, బరువు ఏ క్షణంలో మారాలి అన్నవి రాయిలోనూ లేవు, శ్లోకంలోనూ లేవు. అవి దేహం నుంచి దేహానికే వెళ్తాయి. నేర్పు అంటే ప్రధానంగా సమయపాలన అని 5 సెంటీమీటర్ల గుద్దు చెప్పింది గుర్తుంది కదా. సరిగ్గా ఆ సమయపాలనే ఇక్కడ తెగిపోయింది. రామకృష్ణ దాన్ని మళ్లీ ఊహించి కూర్చాల్సి వచ్చింది. సాన్‌చిన్‌కు ఆ దుస్థితి పట్టలేదు, ఎందుకంటే ఫుజౌ నుంచి ఓకినావాకు వచ్చింది బొమ్మల పుస్తకం ఒక్కటే కాదు, మనుషులు కూడా.

పేరిణి నృత్యం, యుద్ధవిద్య కాదు కదా, ఈ పోలిక చెల్లుతుందా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. యోధులు యుద్ధానికి వెళ్లేముందు పేరిణి ఆడేవారన్నది బాగా ప్రచారంలో ఉన్న మాట. జాయప దాన్ని చర్చించింది నృత్యంగానే. ఈ పోలికతో నేను తీసుకునే ముగింపు దేహ కదలికల వారసత్వం గురించి మాత్రమే, పోరు శక్తి గురించి కాదు. పోరు సంగతికి సూటి ఉదాహరణ కావాలంటే మన సాముగరిడీలు ఉన్నాయి. కర్రసాము, కత్తిసాము నేర్పే తాలింఖానాలు ఒకప్పుడు తెలుగు ఊళ్లలో మామూలే. ఇప్పుడు కర్రసాము ఎక్కువగా పీర్ల పండుగ ఊరేగింపుల్లో, పండుగ సంబరాల్లో ప్రదర్శనగా మిగిలింది. కర్ర చేతిలో ఉన్నవాడి ముందు వట్టి చేతుల కరాటే బలమైనదేమీ కాదు. మరి మన పట్టణాల్లో ఎందుకు కరాటే గెలిచింది? బడి షెడ్యూలులో ఒదిగే గంట పాఠం, తల్లిదండ్రులకు కనబడే బెల్టు, జిల్లా నుంచి ప్రపంచం దాకా పోటీల మెట్లు కరాటేకు ఉన్నాయి. సాముకు ఆ అమరిక ఎవరూ చేయలేదు. ఇతోసు ఓకినావాలో చేసిన పని మన దగ్గర సాముకు జరగలేదు, అంతే.

అయితే బడిలోకి రావడం నష్టం లేని వ్యవహారం అనడం లేదు. ఇతోసు తీసేసిన వాటిలో పట్టులు, పడగొట్టడాలు, దగ్గరి పోరు చాలా ఉన్నాయి. బెల్టు నైపుణ్యానికి కొలతగా మొదలై, చాలా చోట్ల ఫీజు రసీదుగా మారింది. ఎదుటివాడు ప్రతిఘటించకుండా గాలిని గుద్దే సాధన ఎన్నేళ్లు చేసినా, ప్రతిఘటించే మనిషి ఎదురైనప్పుడు సమయపాలన చెడిపోతుంది, ఎందుకంటే ఆ సమయపాలనను ఎప్పుడూ సాధన చేయలేదు. కుంగ్‌ఫూ వంశాల రహస్య పద్ధతికి దీనికి విరుద్ధమైన జబ్బు ఉంది. పరీక్షకు నిలబడకుండా, గురువు మాటే ప్రమాణంగా తరాలు గడిచిపోతాయి. బయటి కొలత లేని విద్యలో లోపం ఉన్నా బయటపడదు. ఒక బడికి కొలత మరీ ఎక్కువ, మరో బడికి కొలతే లేదు. రెండు నష్టాల్లోనూ కారణం బోధనా పద్ధతే, విద్య పేరు కాదు.

ఈ తర్కం మన ప్రభుత్వ బడుల్లో ఆచరణకు వచ్చే చోటు ఒకటి ఉంది. సమగ్ర శిక్ష కింద 6 నుంచి 12 తరగతుల బాలికలకు ఆత్మరక్షణ శిక్షణ మూడు నెలల పాటు ఇస్తారు. ఈ శిక్షణలో తరచూ నేర్పేది కరాటేనే. మూడు నెలల్లో ఏం వస్తుంది అన్నది అందరి సందేహం. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో దాదాపు 900 మంది తొలి ఏడాది విద్యార్థినులపై జరిగిన ఒక అధ్యయనం 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. ఒక గుంపుకు మొత్తం 12 గంటల శిక్షణ ఇచ్చారు, రెండో గుంపుకు కరపత్రాలు ఇచ్చారు. ఏడాది తర్వాత అత్యాచారానికి గురైనవారి శాతం మొదటి గుంపులో 5.2, రెండో గుంపులో 9.8. ఆ 12 గంటల్లో ఉన్నది కటాలు కాదు. తెలిసినవాళ్ల నుంచి వచ్చే ప్రమాదాన్ని గుర్తించడం, మొహమాటం వదిలి గట్టిగా వద్దని చెప్పడం, ఆ తర్వాత కొన్ని సరళమైన దెబ్బలు, విడిపించుకునే మార్గాలు. మూడు నెలలంటే 12 గంటల కంటే చాలా ఎక్కువ. ఆ సమయాన్ని ఒక కటా కంఠస్థం చేయించడానికి ఖర్చు పెడతామా, ఇలాంటి పాఠానికి ఖర్చు పెడతామా అన్నది శైలి ఎంపిక కంటే పెద్ద ప్రశ్న.

కాబట్టి పిల్లల్ని ఎక్కడైనా చేర్చేముందు బోర్డు మీద కరాటే అని ఉందా, కుంగ్‌ఫూ అని ఉందా అని చూడకండి. లోపలికి వెళ్లి ఒక గంట తరగతి చూడండి. పిల్లలు జంటలుగా, ప్రతిఘటించే తోటివారితో సాధన చేస్తున్నారా? మాస్టరు ఒక్కొక్కరి తుంటి, అడుగు దగ్గరికి వచ్చి సరిదిద్దుతున్నాడా, లేక దూరం నుంచి అంకెలు మాత్రమే లెక్కపెడుతున్నాడా? తలకు దెబ్బ తగలకుండా ఏ జాగ్రత్త తీసుకుంటున్నారు? బెల్టు పరీక్షలో ఎప్పుడైనా ఎవరైనా తప్పుతున్నారా? ఈ నాలుగు ప్రశ్నలకూ మంచి జవాబు దొరికిన చోట మీ అబ్బాయి, అమ్మాయి నేర్చుకునేది మంచి విద్యే అవుతుంది. దాని పేరు ఏదైనా ఫరవాలేదు.